పన్నెండు గుంటల ట్రే, ఒక తప్పు లెక్క

"ఆదివారం ఓ ఇరవై నిమిషాలు పెట్టండి చాలు, వారమంతా పొద్దున పొయ్యి దగ్గరికే వెళ్ళక్కర్లేదు. ఒక్కోదాంట్లో ఇరవై గ్రాముల ప్రోటీన్!"

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా సహోద్యోగి ఒకాయన అన్న మాట ఇది. ఆయన ముందున్న డబ్బాలో రెండు గుడ్డు మఫిన్లున్నాయి. గిలకొట్టిన గుడ్డు మఫిన్ ట్రేలో పోసి ఓవెన్‌లో కాల్చినవి, మధ్యలో పాలకూర, పైన కాస్త చీజ్. చూడముచ్చటగానే ఉన్నాయి. ఎన్ని గుడ్లు కొట్టారని అడిగాను. పది అన్నారు. ట్రేలో ఎన్ని గుంటలని అడిగాను. పన్నెండు అన్నారు.

ఆపైన నేనేమీ మాట్లాడలేదు. తింటున్న మనిషి ముందు కూర్చుని భాగహారాలు చేయడం బాగుండదు. కానీ లెక్క మనసులో జరిగిపోయింది. పెద్ద గుడ్డు పెంకు తీస్తే సుమారు 50 గ్రాములు తూగుతుంది, అందులో ప్రోటీన్ 6 గ్రాముల చిల్లర. పది గుడ్లకి 63 అనుకుందాం. పన్నెండు గుంటల్లో సర్దితే ఒక్కో గుంటకి 5 గ్రాముల పైచిలుకు. పైన చల్లిన ఆ కాస్త చీజ్‌ని కలుపుకున్నా 6కి అటూ ఇటూ. అంటే ఒక మఫిన్ మహా అయితే ఒక గుడ్డుకి సమానం, పేరు మాత్రం మూడు గుడ్లది.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఎక్కడో విన్నారు, నమ్మారు. నన్ను ఇబ్బంది పెట్టింది అంకె తప్పు కావడం ఒక్కటే కాదు, ఆయన తింటున్న తీరు. మాత్ర మింగినట్టు ఒక ముక్క, వెంటనే గుక్కెడు నీళ్ళు. మళ్ళీ ముక్క, మళ్ళీ నీళ్ళు. ఆ నీళ్ళ అవసరం ఏమిటో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఏడాది పాటు నేనూ అలాగే తిన్నాను.

రెండేళ్ళుగా వీటిని చేస్తున్నాను. మానే ఉద్దేశం లేదు. కానీ ప్రోటీన్ అంకెని ముందు పెట్టుకుని చేసిన ప్రతిసారీ చెడగొట్టాను. తినబుద్ధయ్యేలా చేయడం నేర్చుకున్నాక అంకె సంగతి అదే సర్దుకుంది. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇంత రాయడం.

తెల్లసొన రోజులు

మొదట్లో నా వాదన కాగితం మీద తిరుగులేనిది. ఒక తెల్లసొనలో 3.6 గ్రాముల ప్రోటీన్, కేలరీలు 17. మొత్తం గుడ్డుకి కేలరీలు 70 పైన. తక్కువ కేలరీలకి ఎక్కువ ప్రోటీన్ కావాలంటే పచ్చసొన తీసేయడమే దారి. అలా పన్నెండు తెల్లసొనలు, గుప్పెడు కూరగాయలు, 200 డిగ్రీల ఓవెన్. అద్దంలోంచి చూస్తుంటే పాలపొంగులా పైకి లేచాయి. బయటికి తీసిన రెండు నిమిషాలకి నిప్పు తీసేసిన పాలలాగే కిందికి దిగాయి. అడుగున ఒక చెంచాడు నీళ్ళు.

చల్లారాక కొరికితే పంటి కింద కీచుమని చప్పుడు. మా అమ్మాయి ఒకటి చేత్తో నొక్కి చూసి, వేళ్ళు తీయగానే అది మళ్ళీ యథాస్థానానికి రావడం గమనించి, "నాన్నా, ఇది తినేదా, గిన్నెలు తోమేదా?" అంది. నేను తినేదేనని నిరూపించడానికి మూడు తిన్నాను. మిగతా తొమ్మిది గురువారం దాకా ఫ్రిజ్‌లో ఉండి, అక్కడినుంచి చెత్తబుట్టలోకి వెళ్ళాయి.

తర్వాతి వారం ఇంకా తెలివైన పని చేశాను. గుడ్ల మిశ్రమంలో రెండు చెంచాల వే ప్రోటీన్ పొడి (పాలు విరిగాక మిగిలే తేటనుంచి తీసేది) కలిపాను. వే కూడా వేడికి గడ్డకట్టే ప్రోటీనే అని అప్పుడు తట్టలేదు. గుడ్డు ఒక పక్క బిగుస్తుంటే పొడి ఇంకో పక్క బిగిసింది. ఫలితం ఇసుక కలిసిన రబ్బరు, పైగా వనిల్లా వాసన. దాని గురించి ఇంతకన్నా రాయను.

ఆ పూట కూర్చుని లెక్క మళ్ళీ వేసుకున్నాను. పచ్చసొనలో 2.7 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. అంటే పచ్చసొన తీసేసినప్పుడు గుడ్డులో ఉన్న ప్రోటీన్‌లో నలభై శాతానికి పైగా నేనే బయట పారబోస్తున్నాను, ప్రోటీన్ కోసమే! దాంతోపాటు మెదడుకి, నరాలకి అవసరమైన కోలిన్ అనే పోషకం పోతుంది, కొవ్వులో కరిగే విటమిన్లు పోతాయి, అన్నిటికన్నా ముఖ్యంగా మెత్తదనం పోతుంది. పచ్చసొనలోని కొవ్వు ప్రోటీన్ పోగుల మధ్య అడ్డుపడి అవి ఒకదాన్నొకటి మరీ గట్టిగా పట్టుకోకుండా చూస్తుంది. అది లేకపోతే వచ్చేది స్పాంజే.

కొలెస్ట్రాల్ మాటేమిటి అని అడిగేవాళ్ళుంటారు. అడగాల్సిందే. ఒక పెద్ద గుడ్డు పచ్చసొనలో దాదాపు 186 మిల్లీగ్రాములుంటుంది. రోజుకి 300 మిల్లీగ్రాములు దాటకూడదన్న పరిమితిని అమెరికా ఆహార మార్గదర్శకాలు 2015 నాటి సంచికలో తీసేశాయి. దానర్థం ఎన్నైనా తినమని కాదు. డాక్టరు పచ్చసొన తగ్గించమన్న మనిషి ఆ మాటే వినాలి, నా మాట కాదు. బరువు తగ్గడానికి ప్రతి కేలరీ లెక్కపెట్టుకునేవాళ్ళకి కూడా కొన్ని తెల్లసొనలు కలుపుకోవడంలో అర్థముంది. నాలుగు గుడ్లకి రెండు తెల్లసొనలు అదనంగా వేస్తే నాలుకకి పెద్ద తేడా తెలియదు, నేను చేసి చూశాను. పూర్తిగా తెల్లసొనతోనే అంటేనే పేచీ.

వేడి తగ్గించాక

అసలు మార్పు పదార్థాల దగ్గర రాలేదు, ఓవెన్ మీట దగ్గర వచ్చింది.

తెల్లసొన 60 డిగ్రీల సెల్సియస్ దాటగానే చిక్కబడటం మొదలుపెడుతుంది. పచ్చసొన 65, 70 మధ్య గట్టిపడుతుంది. రెండూ కలిపి గిలకొడితే 73 దగ్గర గడ్డకడతాయి. పాలో, మెత్తగా రుబ్బిన కాటేజ్ చీజో (పాలు విరగ్గొట్టి చేసే, పనీర్‌కన్నా మెత్తగా తడిగా ఉండే చీజ్) కలిపితే ప్రోటీన్లు పలచబడి ఒకదానికొకటి దూరమవుతాయి కాబట్టి ఇంకాస్త పైకి, 80 దగ్గరదాకా ఆగుతాయి. ఆహార భద్రత వాళ్ళు గుడ్డు వంటకాల మధ్యభాగం కనీసం 71 డిగ్రీలకి చేరాలంటారు. అంటే మనకి కావలసిందంతా 75కి, 80కి మధ్య ఉంది. మరి ఆ పనికి 200 డిగ్రీల ఓవెన్ దేనికి? చిన్న గుంట, పలచటి లోహపు గోడ. మధ్యలో 70 చేరేసరికి అంచులు ఎప్పుడో హద్దు దాటిపోయి ఉంటాయి. అంచుల్లో ప్రోటీన్లు పిడికిలిలా బిగుసుకుని తమలో పట్టి ఉంచిన నీళ్ళని బయటికి పిండేస్తాయి. నా మొదటి ట్రే అడుగున కనిపించిన చెంచాడు నీళ్ళు ఆ పిండినవే. అవి కూరగాయల్లోంచి వచ్చాయని చాలాకాలం వాటిని తిట్టుకున్నాను.

(కూరగాయలదీ తప్పుంది. పాలకూరలో, పుట్టగొడుగుల్లో తొంభై శాతం పైన నీళ్ళే, టమాటాలో ఇంకా ఎక్కువ. పచ్చివి తరిగి పోస్తే ఆ నీళ్ళన్నీ గుడ్డులోకే. బాణలిలో వేసి తడి ఆరిపోయేదాకా వేయించి, చల్లార్చి, అప్పుడు కలపాలి. టమాటాకైతే గింజల గుజ్జు తీసేసినా నేను భయపడతాను.)

గుడ్డు మఫిన్లకి ఇంత పేరు రావడంలో అమెరికా కాఫీ దుకాణాల సంస్థ స్టార్‌బక్స్ పాత్ర ఉంది. 2017లో వాళ్ళు గుడ్డు బైట్లని, అంటే మెత్తటి చిన్న చిన్న గుడ్డు ముద్దల్ని, అమ్మకానికి పెట్టారు. అవి ఓవెన్ సెగలో కాలినవి కావు, సూ వీడ్ పద్ధతిలో, అంటే గాలి చొరకుండా మూసి వేడినీళ్ళలో ఉంచి, తక్కువ వేడి మీద నిదానంగా ఉడికినవి. పైగా వాటిలో కాటేజ్ చీజ్ ఉంటుంది. ఇళ్ళలో దాన్ని అనుకరించిన మనం ఆకారాన్ని తెచ్చుకున్నాం, వేడి సంగతి వదిలేశాం. ఆకారం చూస్తే మఫిన్, మఫిన్ అంటే కేకు, కేకంటే 180 నుంచి 200. అలా అలవాటు మీద మీట తిప్పేశాం. గుడ్డు కేకు కాదు, గుడ్లూ పాలూ కలిపి మెల్లగా ఉడికించే కస్టర్డ్‌కి చుట్టం.

ఇప్పుడు నేను చేసేది ఇది. ఓవెన్ 150 డిగ్రీలు. పెద్ద తట్టలో వేడినీళ్ళు పోసి అందులో సిలికాన్ అచ్చుని, గుంటలు సగం మునిగేలా దించుతాను. నీళ్ళు ఎంత కాగినా 100 దాటవు కాబట్టి గోడల వైపునుంచి గుడ్డుకి దెబ్బ తగలదు. అరగంట దాటాక చూడటం మొదలుపెడతాను. తట్టని కదిపితే మఫిన్ మధ్యలో కాస్త వణకాలి, అలలా కదలకూడదు. ఆ వణుకు మీద నమ్మకం కుదిరేదాకా థర్మామీటర్ గుచ్చి చూసేవాణ్ణి, ఇప్పటికీ అప్పుడప్పుడు గుచ్చుతాను.

సిలికాన్ ఎందుకంటే గుడ్డు ప్రోటీన్ గడ్డకట్టేటప్పుడు లోహాన్ని అంటుకుంటుంది. నూనె ఎంత రాసినా ఒక మూల పట్టేసుకుంటుంది. నా పాత లోహపు ట్రేని నానబెట్టి, గీకి, మళ్ళీ నానబెట్టి తోమడానికి ఒకసారి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. "ఇరవై నిమిషాల్లో వారం టిఫిన్" అని చెప్పేవాళ్ళెవరూ ఈ ఇరవై ఐదు నిమిషాలు లెక్కలో వేయరు.

ఇంకోటి గిలకొట్టడం. నురగ వచ్చేదాకా కొడితే గాలి ఎక్కుతుంది, గాలి ఎక్కితే పొంగుతుంది, పొంగింది కూలుతుంది. మిక్సీలో తిప్పితే పది నిమిషాలు పక్కన పెట్టి, నురగ పైకి తేలాక చెంచాతో తీసేస్తాను.

ఇక పాళ్ళు: ఎనిమిది గుడ్లు, 200 గ్రాముల కాటేజ్ చీజ్, 60 గ్రాముల చెడ్డార్ చీజ్, వేయించిన కూరగాయలు ఓ కప్పు, ఉప్పు, మిరియాలు. పన్నెండు గుంటలకి సరిపోతుంది. కాటేజ్ చీజ్‌ని గుడ్లతో కలిపి రుబ్బకపోతే పలుకులు పలుకులుగా తగులుతుంది. ఇందులో గుడ్ల ప్రోటీన్ 50 గ్రాములు, కాటేజ్ చీజ్‌ది 22, చెడ్డార్‌ది ఓ 15. మొత్తం 87. ఒక్కోదానికి 7 గ్రాముల పైన. మా సహోద్యోగి ట్రేకన్నా రెండు గుడ్లు తక్కువ వేసి, ఎక్కువ ప్రోటీన్ వచ్చిన ట్రే ఇది. నేను ప్రోటీన్ కోసం కాటేజ్ చీజ్ వేయలేదు, మెత్తదనం కోసం వేశాను. ప్రోటీన్ వెంట వచ్చింది.

"ఉడకబెట్టుకోవచ్చుగా?"

ఇది మా ఆవిడ ప్రశ్న. రెండేళ్ళుగా అడుగుతోంది, నేను రెండేళ్ళుగా వేరువేరు జవాబులు చెబుతున్నాను.

ఆమె వాదనలో బలముంది. రెండు ఉడికించిన గుడ్లలో 12 గ్రాముల పైన ప్రోటీన్. కావలసింది ఒక గిన్నె, నీళ్ళు. తట్టలు, అచ్చులు, మిక్సీ, థర్మామీటర్ అక్కర్లేదు. నేను ఒక ఆదివారం గడియారం పెట్టుకుని చూశాను. కూరగాయలు తరగడం దగ్గరనుంచి చివరి గిన్నె బోర్లించేదాకా గంటా ఇరవై ఐదు నిమిషాలు. అదే వ్యవధిలో ఆమె ఆరు గుడ్లు పొయ్యి మీద పెట్టి, నిద్రపోయి, లేచి వచ్చింది.

రోజుకి మూడు తింటే పన్నెండు మఫిన్లు నాలుగు పొద్దుటిపూటలు. గంటా ఇరవై ఐదుని నాలుగుతో భాగిస్తే పూటకి ఇరవై నిమిషాలు దాటింది. పొద్దున్నే రెండు గుడ్లు కొట్టి పెనం మీద వేసుకోవడానికి, పెనం కడగడంతో సహా, పది నిమిషాలు చాలు. కాలం మిగిలిందన్న మాట నేను నోటితో అనలేను. కొండని తవ్వి ఎలుకని పట్టడమే.

అయినా చేస్తున్నాను. ఎందుకంటే పొద్దున ఏడింటప్పటి పది నిమిషాలూ ఆదివారం సాయంత్రపు పది నిమిషాలూ ఒకే ధర పలకవు. ఏడింటికి ఒక బూటు దొరకదు, అమ్మాయి సంతకం పెట్టించుకోవాల్సిన కాగితం అప్పుడే గుర్తుకొస్తుంది, ఫోన్ ఛార్జ్ అయి ఉండదు. ఆ గొడవలో నాకు లేనిది తీరిక ఒక్కటే కాదు, ఏం తినాలో తేల్చుకునే ఓపిక. ఆ ఓపిక లేనప్పుడు నేను ఏమీ తినకుండా బయల్దేరి పదకొండింటికి బిస్కెట్ల పొట్లం ఖాళీ చేస్తాను. ఫ్రిజ్ తలుపు తీయగానే చేతికి తగిలే మూడు మఫిన్లు నా బదులు ఆ నిర్ణయం ముందే తీసుకుని కూర్చున్నాయి.

దానికి ఆమె జవాబు: "ఉడికించిన గుడ్లు కూడా ఫ్రిజ్‌లో కూర్చోగలవు." నిజమే. పెంకు వలవాలి, అంతే. నాకు మూడోరోజుకి మొహం మొత్తుతుంది, ఆమెకి మొత్తదు. నేను ఉడికించిన గుడ్డుతోపాటు విడిగా కూరగాయలు తిననే తినను, మఫిన్‌లో ఉంటే తింటాను. ఇదంతా నా స్వభావం గురించిన మాట, వంట గురించింది కాదని ఆమె ఎత్తిపొడుస్తుంది. కావచ్చు. అందుకే ఎవరికైనా ఇవి చేసుకోమని సలహా ఇచ్చే ముందు ఇప్పుడు ఒకటి అడుగుతాను: ఉడికించిన గుడ్డు మీకు విసుగు పుట్టిస్తుందా? లేదంటే నా దగ్గర వాళ్ళకి చెప్పడానికేమీ లేదు.

ఇక ఎంత ప్రోటీన్ చాలు అనేది. వయోజనులకి రోజుకి శరీరబరువులో కిలోకి సుమారు 0.8 గ్రాములు కనీస అవసరం అంటారు. 60 కిలోల మనిషికి 48 గ్రాములు. నా మఫిన్లు రెండు తింటే అందులో దాదాపు మూడోవంతు పొద్దున్నే చేరిపోతుంది. వయసు పైబడినవాళ్ళకి, బరువులెత్తేవాళ్ళకి ఇది చాలదు, పూటకి 25, 30 గ్రాములు మంచిదనే పరిశోధకులున్నారు. అలాంటివాళ్ళు మూడు మఫిన్లు తిని గ్లాసెడు పాలు తాగితే 30కి అటూ ఇటూగా వస్తుంది. ఒక్క మఫిన్‌లోకే 20 గ్రాములు కూరాలన్న పంతం ఎందుకో నాకిప్పటికీ తెలియదు. రెండు తినడం నేరమా?

శుక్రవారం మఫిన్

"వారమంతా" అన్న మాట దగ్గర కూడా నాకు అభ్యంతరముంది, ఇది రుచికి సంబంధించింది కాదు. వండిన గుడ్డు వంటకాలు ఫ్రిజ్‌లో, 4 డిగ్రీల లోపు, మూడు నాలుగు రోజులే నిలవ ఉంచమంటారు. ఆదివారం రాత్రి చేసినవి బుధవారం, మహా అయితే గురువారం పొద్దున. శుక్రవారం మఫిన్ ఆదివారంది కాకూడదు.

నేను ఆరు ఫ్రిజ్‌లో, ఆరు ఫ్రీజర్‌లో పెడతాను. ఉడికించిన గుడ్డు ఈ పని చేయలేదు, గడ్డకట్టించి కరిగిస్తే తెల్లసొన నార నారగా, నీళ్ళోడుతూ తయారవుతుంది. కాటేజ్ చీజ్ కలిసిన మఫిన్ రెండు నెలలదాకా బాగానే ఓర్చుకుంటుంది. మా ఆవిడతో వాదనలో నాకు దొరికిన ఒకే ఒక్క గట్టి ఆధారం ఇది, దాన్ని నేను పొదుపుగా వాడుకుంటాను.

పెట్టే పద్ధతిలో ఒక పొరపాటు చాలాకాలం చేశాను. వేడి మీదే డబ్బాలో సర్ది మూత బిగించేవాణ్ణి. ఆవిరి మూతకి పట్టి, చుక్కలై, మళ్ళీ వాటి మీదే రాలేది. పొద్దున తీస్తే స్నానం చేసి వచ్చినట్టుండేవి. జల్లెడ లాంటి దాని మీద ఆరనిచ్చి, చల్లబడ్డాక మూత పెట్టాలి. అలాగని రాత్రంతా బల్ల మీద వదిలేయకూడదు, రెండు గంటలు హద్దు.

మళ్ళీ వేడి చేయడం దగ్గర మంచి మఫిన్లు కూడా చస్తాయి. మైక్రోవేవ్‌లో పూర్తి శక్తి మీద నిమిషం పెడితే, ఓవెన్‌లో అంత జాగ్రత్తగా తప్పించుకున్న పిడికిలి బిగింపు అక్కడ జరిగిపోతుంది. ఫ్రీజర్‌వి ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లోకి దించి, పొద్దున రెండుగా కోసి, తడి కాగితపు రుమాలు కప్పి, సగం శక్తి మీద విడతలు విడతలుగా, లోపలిదాకా పొగలు వచ్చేలా వేడి చేస్తాను. ఆఫీసు మైక్రోవేవ్‌లో మాత్రం చేయను. గుడ్డులోని గంధకం సంగతి పక్క సీట్లవాళ్ళకి చెప్పాల్సిన పని లేదు, వాళ్ళే చెబుతారు.

కిందటి నెల ఒకరోజు నాలుగు మఫిన్లు తీసుకెళ్ళి మా సహోద్యోగి ముందు పెట్టాను. చల్లగానే తిన్నారు. మొదటిది అయ్యేదాకా ఏమీ అనలేదు. నీళ్ళ సీసా మూత తీయకపోవడం నేను గమనించాను. రెండోది చేతిలోకి తీసుకుని, "ఎన్ని గ్రాములు?" అన్నారు.

"ఏడు."

"ఏడేనా?" మొహం కాస్త చిన్నబోయింది. ఒక క్షణం ఆగి మూడోదాని కోసం డబ్బా తన వైపు జరుపుకున్నారు.